హన్మకొండలో ఇల్లు: 2 బీహెచ్‌కేనా, 3 బీహెచ్‌కేనా, 150 గజాల జాగల కట్టుకునుడా?

భీమారం_తూర్పుముఖం:

అందరికీ నమస్తే. ఇంట్ల మేం నలుగురం. బాబు ఐదో తరగతి, పాప రెండో తరగతి. అత్తమ్మ, మామయ్య పరకాల దిక్కు ఊర్లె ఉంటరు, ఇద్దరికీ డెబ్బై దాటినయి. దవాఖాన పని పడ్డప్పుడల్లా వచ్చి పది పదిహేను రోజులు మా దగ్గరే ఉంటరు. ఇప్పుడు 2 బీహెచ్‌కేల కిరాయికి ఉన్నం.

భీమారం దిక్కు 150 గజాల ప్లాటు ఉన్నది. 30 అడుగుల వెడల్పు, 45 లోతు, ముందు 30 అడుగుల రోడ్డు, కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) అప్రూవ్డ్ లేఅవుట్. చేతిల 20 లక్షలు ఉన్నయి, లోను ఇంకో 30 దాక తీసుకోగలం. మూడు దారులు కనవడుతున్నయి: ప్లాటు అట్లనే ఉంచి 2 బీహెచ్‌కే ఫ్లాటు కొనుడు, ఏకంగా 3 బీహెచ్‌కే కొనుడు, లేకుంటే ప్లాటుల కట్టుకునుడు.

మా ఆయన "ఒకేసారి పెద్దది తీసుకుందాం, మళ్ల మళ్ల మారుడు ఉండదు" అంటడు. పిల్లలు ఎవరి దారిన వాళ్లు పోయినంక ఆ పెద్దింటిని ఇద్దరం ఊడ్సుకుంట కూసునుడేనా అని నా రంది. ఇప్పటికి ఎంత కావాలె, పదేండ్లకు ఎంత, ముసలితనానికి ఎంత? లెక్క తెలిసినోళ్లు చెప్పుర్రి.


లెక్కల_పంతులు:

అక్కా, "ఎన్ని బెడ్‌రూంలు" అని మొదలుపెడితే తెగదు. ఏ గదిలో ఎవరు ఎన్నేళ్లు పడుకుంటారో ఒక కాగితం మీద గీయండి. పక్కన సంవత్సరాలు, పైన మనుషులు. మీరు చెప్పిన వయసులతో అది ఇలా వస్తుంది.

మొదటి రెండేళ్లు పిల్లలిద్దరికీ ఒకే గది చాలు. 10×12 గదిలో 3 అడుగుల వెడల్పు మంచాలు రెండు, 2×3½ టేబుళ్లు రెండు, 2 అడుగుల లోతు బీరువా పట్టి నడవడానికి దారి మిగులుతుంది. బాబు ఏడో తరగతికి వచ్చేసరికి గదులు విడదీయాలి, ఒకరు ఆడపిల్ల కదా. అక్కడి నుంచి అతని పదో తరగతి అయ్యేదాకా పిల్లలకు రెండు గదులు. అంటే నాలుగేళ్లు. ఇంటర్‌కు హాస్టల్‌లో వేస్తే అక్కడితో ఆ గది సెలవులకే. హన్మకొండలోనే డే స్కాలర్‌గా చదివితే ఇంకో రెండేళ్లు కలపండి. పాప పదో తరగతి ఇంకో తొమ్మిదేళ్లకు అయిపోతుంది. అంటే పిల్లల కోసం మూడో బెడ్‌రూం నిజంగా పని చేసేది నాలుగు నుంచి ఆరేళ్లు. దాని కోసం ఇరవై ఏళ్ల ఈఎంఐ కడుతున్నామన్నది చాలామందికి తట్టదు.

మీ ఇంటికి మూడో గది అవసరమే, కాకపోతే అది పిల్లలది కాదు, అత్తమ్మ మామయ్యలది. ఇప్పుడు పది పదిహేను రోజులకు వస్తున్నవాళ్లు కొన్నేళ్లకు పూర్తిగా మీ దగ్గరికే రావచ్చు. అందుకని గదుల సంఖ్య కంటే ఆ గది ఎక్కడుందనేది ముఖ్యం. మేడ మీద ఇంకో రెండు బెడ్‌రూంలున్నా వాళ్లకు పనికిరావు. కింద హాలు పక్కన, బాత్రూం ఆనుకొని ఉండాలి.

బాబు ఇంటర్‌కు వెళ్లకముందే పెద్దవాళ్లు వచ్చేస్తే ఒకటి రెండేళ్లు నాలుగు గదులు కావాల్సి వస్తుంది. ఆ కొద్ది కాలానికి గది కట్టకండి. హాలు పక్కన 7×8 మూల ఒకటి వదిలి జారుడు తలుపు పెట్టండి. ఒంటి మంచం, టేబుల్ పడతాయి, తర్వాత అదే కుట్టు మిషనుకో ఇస్త్రీకో పనికొస్తుంది.

బతుకమ్మ, దసరాకు అందరూ వస్తారు కదా అని ఒక గెస్ట్ రూం కలిపేవాళ్లుంటారు. ఏడాదికి నాలుగు రోజులు. పండక్కి వచ్చినవాళ్లకు హాల్లో పరుపులు వేస్తే సరిపోతుంది, పొద్దున్నే సరిపోనివి బాత్రూములే. 11×16 హాలు, మూడు బాత్రూములున్న ఇంట్లో పదిమంది ఇబ్బంది లేకుండా ఉంటారు. మూడు బెడ్‌రూములకు రెండే బాత్రూములున్న ఇంట్లో ఆరుగురికే వరుస కట్టాల్సి వస్తుంది.


కార్పెట్_ఏరియా:

ఫ్లాటు దారి ఆలోచిస్తే ముందు కొలత సంగతి తేల్చుకోండి మేడం. బ్రోషర్‌లో 1,200 ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగులు) అంటే మీరు చాప పరుచుకునే జాగా 1,200 కాదు. అందులో బయటి గోడల మందం, మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా అన్నీ కలిపి ఉంటాయి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు, పైపుల షాఫ్టులు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్ తీసేసి, లోపలి అడ్డుగోడలు కలిపిన కొలత. 1,200 అని చెప్పే ఫ్లాటులో కార్పెట్ 820 నుంచి 880 వస్తే మామూలే. కాబట్టి రెండు ఫ్లాట్లను ఎస్‌ఎఫ్‌టీ ధరతో పోల్చకండి, మొత్తం ధరను కార్పెట్‌తో భాగించి పోల్చండి. 3 బీహెచ్‌కే అని చెప్పి మూడో గది 8×9 పెట్టేవాళ్లున్నారు. 6×6½ మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోదు. అలాంటి 3 బీహెచ్‌కే కంటే గదులు పెద్దగా ఉన్న 2 బీహెచ్‌కే నయం.

కొలతతో పన్ను కూడా మారుతుంది. కడుతున్న దశలో కొంటే, మన వరంగల్ లాంటి నాన్-మెట్రో ఊళ్లో కార్పెట్ 90 చదరపు మీటర్లలోపు (968 చదరపు అడుగులు), ధర 45 లక్షలలోపు, రెండూ ఉంటేనే జీఎస్టీ 1 శాతం. ఏ ఒక్కటి దాటినా 5 శాతం. 40 లక్షల 2 బీహెచ్‌కేకు 40 వేలు పోయేచోట, 55 లక్షల 3 బీహెచ్‌కేకు 2 లక్షల 75 వేలు పోతాయి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చాక కొంటే జీఎస్టీ లేదు.

మీవారి మాటలోనూ నిజం ఉంది. స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. 40 లక్షల ఫ్లాటుకు 3 లక్షలు. ఇప్పుడు చిన్నది కొని ఆరేళ్లకు పెద్దదానికి మారితే అది రెండుసార్లు కడతారు. పైగా ఆ డబ్బు మామూలుగా లోనులో కలవదు, చేతిలోంచే పెట్టుకోవాలి.

కానీ పెద్దది కొనడం కూడా ఉత్తగా రాదు. 1,150, 1,550 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాట్ల మధ్య తేడా 400. అడుగు 4,500 అనుకుంటే 18 లక్షలు. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలకు 15,600 ఈఎంఐ ఆ ఒక్క గదికే. మీ వాడలో 2, 3 బీహెచ్‌కేల కిరాయి తేడా ఎంతో కనుక్కోండి. నెలకు 5 వేలే అయితే, పిల్లలకు గదులు కావాల్సిన ఆ నాలుగైదేళ్లు పెద్ద ఇంట్లో కిరాయికి ఉండి, సొంతంగా 2 బీహెచ్‌కే పెట్టుకోవడం లెక్క ప్రకారం తప్పేమీ కాదు. సొంత ఫ్లాటు కిరాయికిచ్చి తాము కిరాయికి ఉండటం మనవాళ్లకు నామోషీగా ఉంటుంది, అది వేరే సంగతి.


మొరం_నేల:

చెల్లె, ప్లాటు ఉన్నంక ఫ్లాటు ముచ్చట ఎందుకు? 150 గజాలల్ల ఎంత ఇల్లు వస్తదో సూడు.

150 గజాలంటే 125 చదరపు మీటర్లు. ఆ సైజుకు ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు దిక్కుల మీటరు చొప్పున వదలాలె. 30 వెడల్పుల 6½ అడుగులు, 45 లోతుల 8 అడుగుల పైన పోతది. మిగిలేది 23½ × 36¾, అంటే 860 అడుగులు. 9 అంగుళాల బయటి గోడలు తీస్తే లోపల 22 × 35, దగ్గర దగ్గర 775. ముందు వదిలిన 5 అడుగులల్ల కారు పట్టది, 10×16 ఇంట్ల నుంచే కోసియ్యాలె. కాబట్టి కింద ఇంటికి మిగిలేది 615.

ఆ 615ల హాలు 11×16, వంటరూం 8×10, పెద్దోళ్ల బెడ్‌రూం 10×12, దానికి బాత్రూం 5×8, వచ్చిపోయేటోళ్లకు ఇంకోటి 4×6, దేవుని అర్ర 4×4, మెట్లు 7×11. గోడలు, నడువ తీస్తే అంతే. పైన మీకు 11×13, పిల్లలకు 10×12, రెండు బాత్రూంలు, 12×14 హాలు, దాని పక్కన 7×9 వంటరూంకు జాగ. పంతులు సారు చెప్పిన మంచం మూల కూడ ఇప్పటికి ఆ 7×9లనే పెట్టుకోవచ్చు. రెండు అంతస్తులు 1,720 అడుగులు. అడుగుకు 2,000 వేసుకుంటే 34½ లక్షలు. బోరు, సంపు, ప్రహరీ, గేటు, కరెంటు కనెక్షన్లకు ఇంకో ఐదు. మీ 50ల పడతది.

ఇగ తప్పులు జరిగే కాడ చెప్త.

ఒకటి, డూప్లెక్స్ మోజు. హాలు నడుమల నుంచి మెట్లు పెడితే ఆ ఇల్లు జన్మల రెండుగ విడదియ్యరాదు. పదిహేనేండ్లకు పైన ఖాళీ అయితది, కిరాయికి ఇద్దామంటే కిరాయోళ్లు మీ హాల్లకెల్లే పోవాలె. మెట్లు కారు పెట్టే దిక్కు ఉండాలె, అక్కడి నుంచి ఒక తలుపు మీ హాల్లకు, మెట్లెక్కితే ఇంకో తలుపు పైకి. ఇప్పుడు రెండూ తెరిసి ఒక్క ఇల్లు లెక్క వాడుకోర్రి, రేపు మూస్తే రెండు పోర్షన్లు.

రెండు, మెట్ల ఎత్తు. అంతస్తు ఎత్తు 10½ అడుగులు, అంటే 126 అంగుళాలు. 20 మెట్లు వేస్తే ఒక్కోటి 6.3 అంగుళాలు, మంచిగుంటది. జాగ మిగులుతదని 16 మెట్లు వేస్తే 8 అంగుళాలకు పోతది, యాభై దాటినంక మోకాళ్లు ఒప్పుకోవు. కాలు పెట్టే వెడల్పు 10 అంగుళాలకు తగ్గొద్దు, మెట్ల వెడల్పు 3 అడుగుల 3 అంగుళాలు.

మూడు, "ఇప్పుడు కింద ఒక్కటే కట్టి పైది తర్వాత సూద్దాం" అనుడు. కింద ఒక్కటే బెడ్‌రూం వస్తుంది కాబట్టి మీకు ఇది కుదరనే కుదరదు. పైసలు తక్కువైతే పిల్లర్లు, రెండు స్లాబులు, బయటి గోడలు ఒకేసారి లేపి, పైన ఒక బెడ్‌రూం, బాత్రూం సాఫు చేసుకోని, మిగతా పైన టైల్స్, తలుపులు, రంగులు ఆపుర్రి. కింద మనుషులుండంగ సెంట్రింగు కొట్టి స్లాబు పోసుడు అంత నరకం ఇంకోటి లేదు.

ఇంకో అంతస్తు ఆలోచన ఉంటే ఇప్పుడే ఇంజినీరుకు చెప్పి ఫుటింగులు (భూమిల పిల్లర్ల అడుగు దిమ్మెలు) జీ ప్లస్ 2కు, అంటే కిందిది, పైన రెండు అంతస్తులకు డిజైన్ చేయించుర్రి. పైన పిల్లరుకు ఇంకో చువ్వ కలుపుకోవచ్చు, భూమిల ఫుటింగు పెద్దగ చేసుడు అయ్యే పని కాదు. మీ ప్లాటు సైజుకు పర్మిషన్ వచ్చే ఎత్తు 10 మీటర్లే, అంటే 32 అడుగుల 9 అంగుళాలు. పునాది 2½, అంతస్తుకు 10½ చొప్పున మూడు వేస్తే 34 అయితది, దాటిపోతది. మూడో అంతస్తు పక్కా అనుకుంటే ఒక్కోటి 10 అడుగులే పెట్టుర్రి, మెట్ల లెక్క మళ్ల చేసుకోర్రి. పైకి వదిలే చువ్వలు 16 ఎంఎం అయితే మూడు అడుగులకు తగ్గకుంట వదిలి, సిమెంటు పాలు పూసి, పలుచటి కాంక్రీటుతోటి కప్పుర్రి. ఉత్తగ వదిలేస్తే రెండు వానకాలాలకు తుప్పు, ఆ మొదళ్ల కాడి నుంచే స్లాబుల నెమ్ము దిగుతది.


భీమారం_తూర్పుముఖం:

అన్నా, పంతులు సారూ, మస్తు ఉపకారం. ఇంకొక్కటి. వానలకు మా రోడ్డు మీద నీళ్లు నిలుస్తయి. మేస్త్రి పునాది రోడ్డుకు 3 అడుగులు లేపాలె అంటుండు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. పెద్దోళ్ల గది కిందనే అంటిరి, మరి ఆ మెట్లు ఎట్ల ఎక్కుతది? ర్యాంపు పెడదామా?


గడప_దాటి:

మేస్త్రి మాట కాదనకండి. 2020 ఆగస్టులో నయీంనగర్, 2023 జులైలో హంటర్ రోడ్డు దిక్కు ఎట్లా మునిగాయో ఊరంతా చూసింది. దానికి తోడు సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ ఇల్లు నాలుగైదు అంగుళాలు కిందికి పోయినట్టే. పాత రోడ్డు మీదే కొత్తది పోస్తారు కదా. కిందే పెద్దవాళ్లుండే ఇంటికి రోడ్డు నుంచి 2½ అడుగులకు తగ్గకూడదు.

ర్యాంపు సంగతి: చక్రాల కుర్చీ సొంతంగా ఎక్కాలంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. 2½ అడుగులకు 30 అడుగులు. మీ ప్లాటులో అంత పొడవు పక్క సందులోనే ఉంది, ఆ సందు 3 అడుగుల 3 అంగుళాలే, పైప్‌లైన్లు, చాంబర్లు కూడా అందులోనే. ఈ జాగలో ర్యాంపు కోసం కొట్లాడకండి. వాలు ఎక్కువ పెట్టి పొట్టి ర్యాంపు కడితే బండి ఎక్కుతుంది తప్ప మనిషి నడవలేడు, వానకు జారుతుంది.

బదులుగా 6 అంగుళాల ఎత్తు, 12 అంగుళాల వెడల్పుతో ఐదు మెట్లు కట్టండి. రెండు వైపులా చేతికి అందే కడ్డీ ఉండాలి, ఒకవైపే ఉంటే దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలి వైపు పట్టు దొరకదు. కారు పెట్టే చోటును రోడ్డు కంటే అడుగు ఎత్తులో పెడితే అక్కడి నుంచి ఇంట్లోకి మూడు మెట్లే. కారు దిగి మూడు మెట్లెక్కితే హాలు.

ఇక అసలు ప్రమాదం బాత్రూంలో ఉంది. బాత్రూంకు 2½ అడుగుల తలుపు పెట్టడం అలవాటు. చౌకట్లు పోగా దారి 25, 26 అంగుళాలు మిగులుతుంది. చక్రాల కుర్చీ వెడల్పు కూడా దాదాపు అంతే, చేతులు రాసుకుపోతాయి లేదా ఇరుక్కుంటుంది. ఆ ఒక్క బాత్రూంకైనా 3 అడుగుల చౌకట్లు పెట్టించండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోయి తలుపుకు అడ్డం ఉంటే లోపలికి తెరుచుకునే తలుపును నెట్టలేం. గొళ్లెం కూడా బయటి నుంచి తీయగలిగేది పెట్టండి.

మొరం_నేల అన్న చెప్పిన 5×8 సరిపోతుంది, 4×7కు మాత్రం ఒప్పుకోకండి. పట్టుకునే మనిషికి పక్కన నిలబడే చోటుండదు. వెస్ట్రన్ కమోడ్ పక్క గోడకు, నేల నుంచి 2½ అడుగుల ఎత్తులో స్టీలు కడ్డీ. ఇప్పుడే బిగించనక్కర్లేదు, కానీ ఆ గోడ గట్టి ఇటుకతో కట్టించండి, తేలిక బ్లాకులతో కడితే తర్వాత మేకులు పట్టవు. స్నానం చేసే చోటు, కమోడ్ చోటు మధ్య గట్టు కట్టకుండా నేలను వాలుగా తీయండి. గుమ్మం దగ్గర రాయి అర అంగుళానికి మించొద్దు. రెండు అంగుళాల రాయికే కాలు తగిలి తుంటి ఎముక విరగ్గొట్టుకునేవాళ్లుంటారు. సింహద్వారానికి గడప ఉండాలంటే ఉంచుకోండి, రంగు మాత్రం నేలకు తేడాగా కనబడాలి.

మంచానికి మూడు పక్కలా 2½ అడుగులు వదిలితేనే పట్టుకొని లేపడం కుదురుతుంది. 10×12 గదిలో 6 అడుగుల డబుల్ కాట్‌తో పాటు బీరువా కూడా పెడితే అది రాదు. బీరువా పైకి పంపండి.


కిరాయి_పోర్షన్:

కట్టడమే నా ఓటు కూడా, ఒక్క తేడాతో. పిల్లలు ఎవరి దారిన వాళ్లు వెళ్లాక మీరు పైనుంచి కిందికి దిగుతారు కదా, అప్పుడు ఆ 10×12 గదే మీది. అందుకని ఇప్పుడే కింద గదికి ఏసీ పాయింటు, కిటికీలకు దోమల జాలీ, గ్రిల్లు అన్నీ "పెద్దవాళ్లకు కదా, ఎందుకు" అనుకోకుండా పెట్టించండి. మన దిక్కు కోతుల సంగతి తెలిసిందే, గ్రిల్లు లేని వాష్ ఏరియా మనది కాదు, వాటిది. పై అంతస్తుకు మే నెల ఎండ నేరుగా స్లాబు మీదే పడుతుంది. తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేయకపోతే కిరాయోళ్లు ఏప్రిల్‌లోనే ఖాళీ చేస్తారు.

పైన వంటరూం ఇప్పుడు కట్టకపోయినా నీళ్ల లైను, సింకు డ్రైను పైపు వేసి మూత బిగించండి. తర్వాత టైల్స్ పగలగొట్టి పైపు వేస్తే కింద హాలు సీలింగుకు మరక ఖాయం. పైన బాత్రూం కింద బాత్రూం మీదే రావాలి, దేవుని గది మీద, వంటరూం మీద వద్దు. ట్యాంకు నుంచి పైకి, కిందికి వేర్వేరు లైన్లు, వేర్వేరు వాల్వులు.

ఫ్లాటు వైపు మళ్లీ మనసు లాగితే ఒక్క విషయం: ముసలితనంలో పెద్దది అమ్మి చిన్నది కొనడం అనుకున్నంత తేలిక కాదు. పాత ఇంటి మీద వచ్చిన లాభమంతా రెండేళ్లలో ఇంకో ఇల్లు కొనడానికో, మూడేళ్లలో కట్టడానికో పెడితేనే పన్ను ఉండదు. చిన్నది కొని మిగిలిన లాభాన్ని బ్యాంకులో వేసుకుంటే ఆ మిగిలిన దానికి 12.5 శాతం కట్టాలి. పోర్షన్‌గా విడదీసే ఇంటికి ఈ గొడవే లేదు, తలుపు మూస్తే చాలు.

కరెంటు మీటర్లు మాత్రం మొదటి రోజు నుంచే రెండు తీసుకోండి. నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు పెరుగుతుంది, రెండు ఏసీలున్న ఇల్లు మేలో ఎట్లాగూ దాటుతుంది. కిరాయోళ్లు వచ్చాక సబ్ మీటరు పెట్టి పంచుకుందామంటే ప్రతి నెలా పంచాయితీ. మీటరు బోర్డు కారు పెట్టే చోట, నేల నుంచి ఐదు అడుగుల ఎత్తున పెట్టించండి, పునాది లేపినా ఆ చోటు రోడ్డుకు అడుగు ఎత్తులోనే ఉంటుంది కదా.